మాత్ర వేసుకుని ఏడు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకే మా ఆడపడుచు కూతురు ఆ రాత్రి హైదరాబాద్ బస్సు మానుకుని, తెనాలిలో మా ఇంట్లోనే ఉండిపోయింది. అది ఉండబట్టే ఈ మాటలు జరిగాయి.

భోజనాలయ్యాయి. గారెలు, కోడికూర. మా ఆయన పెద్ద స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చుకుని మాత్ర వేసుకున్నారు. వేసుకుని, వరండా గోడకున్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో చుక్క పెట్టారు. 2008 జూన్ నుంచి మా ఇంట్లో రోజూ జరిగే పనే ఇది. పిల్ల మాత్రం ఆ చుక్క వంకే చూస్తూ నిలబడింది. దాని హ్యాండ్‌బ్యాగులోనూ అదే మాత్ర ఉంది, పోయిన జులై నుంచి.

ఇద్దరిదీ ఒకటే జబ్బు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. ఆసుపత్రి వరండాల్లో అందరూ సీఎంఎల్ అంటారు. రక్త క్యాన్సర్. మజ్జలో ఏదో ఒక కణంలో 9వ క్రోమోజోము ముక్క, 22వ దాని ముక్క చోట్లు మార్చుకుంటాయి. ఆ అతుకు దగ్గర పుట్టిన కొత్త జన్యువు తెల్ల కణాలను ఆపకుండా పుట్టిస్తూ పోతుంది. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదని, ఒక కుటుంబంలో ఇద్దరికి రావడం కాకతాళీయమేనని డాక్టర్లు చెప్పారు. మా ఆడపడుచు నమ్మదు. తన పుట్టింటి జబ్బే కూతురికి అంటిందని కుమిలిపోతూనే ఉంది.

పిల్లకు 27. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో మేమంతా అమ్మలూ అనే పిలుస్తాం. మా ఆయన లెక్కల మాస్టారు. వాళ్లిద్దరి మాటలు ఆ రాత్రే నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. మధ్యలో నేను కలగజేసుకున్న చోట్లు కూడా దాచకుండా రాస్తున్నాను.

అమ్మలు: ఆ చుక్క దేనికి మావయ్యా? 16 ఏళ్లు దాటింది, ఇంకా మర్చిపోతావా?

మావయ్య: మర్చిపోతానని కాదు. పడుకున్నాక వేసుకున్నానా లేదా అని అనుమానం రాకూడదు. చుక్క ఉంటే వేసుకున్నట్టు. ఇంక మర్నాడు రాత్రి దాకా దాని ఊసు నాకక్కర్లేదు. బీపీ ఉన్నవాడికి బీపీ మాత్ర ఎట్లాగో నాకిది అట్లా.

అమ్మలు: అదిగో, ఆ మాటకే నాకు ఒళ్లు మండేది. బీపీ లాంటిదే, షుగర్ లాంటిదే. డాక్టరు గారు అన్నారు, అమ్మ అంది, ఇప్పుడు నువ్వు. మా ఆఫీసులో ఒకావిడ ఇంకో మెట్టు పైకెక్కింది. క్యాన్సర్లలో ఇది మంచి క్యాన్సరంట కదా, అదృష్టవంతురాలివి అంది.

మావయ్య: ఆవిడకు మాట్లాడటం రాలేదు, సరే. కానీ అన్నదాంట్లో నిజం లేదా? మా రోజుల్లో క్యాన్సర్ అంటే సినిమాలో హీరోకి వచ్చేది, చివర్లో చంపడానికి. 1981లో ‘ప్రేమాభిషేకం’ చూసి మా వీధి వీధంతా ఏడ్చింది. 2008లో గుంటూరులో డాక్టరు గారు నా తెల్ల కణాలు రెండు లక్షల ఎనభై వేలున్నాయని చెప్పి, ఎముకలోంచి మజ్జ తీసి చూడాలన్నప్పుడు నాకు ఆ సినిమా హీరో నాగేశ్వరరావే కళ్లముందు కనిపించాడు. మామూలు మనిషికి 11 వేలు దాటకూడదు అవి. ఎడమ డొక్కలో బరువుగా ఉంటే గ్యాసనుకుని ఆరు నెలలు వాము నమిలాను. చూస్తే అది గ్యాసు కాదు, ప్లీహం. మా నాయనమ్మ అయితే కడుపులో బల్ల పెరిగిందనేది.

అమ్మలు: నాకూ అంతే. జీన్స్ బొత్తాం పట్టకపోతే జిమ్‌లో చేరాను.

మావయ్య: చూశావా మరి. ఆ మాత్ర రాకముందు ఈ జబ్బొస్తే చాలామందికి నాలుగైదేళ్లే గడువు. ఇవాళ మందు బాగా పట్టినవాళ్లు దాదాపు అందరిలాగే పండు ముసలివాళ్లవుతున్నారు. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరికి ఈ రోగుల రక్తంలో మామూలు కంటే పొట్టి క్రోమోజోము కనిపించింది. అది ఎందుకు పొట్టిదయిందో 1973 దాకా తెలీలేదు. షికాగోలో జానెట్ రౌలీ అనే ఆవిడ ఇంట్లో భోజనాల బల్ల మీద క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి పరుచుకుని, ఆ ముక్క 9వ దాని మీదికి పోయిందని కనిపెట్టింది. 1998లో డ్రుకర్ అనే డాక్టరు ఈ మాత్రను రోగులకు ఇవ్వడం మొదలుపెట్టాడు. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. నాకు జబ్బు తేలేసరికి మాత్ర వచ్చి ఏడేళ్లు. ఏడేళ్లు ముందు నాకొచ్చుంటే ఇవాళ ఈ గోడ మీద క్యాలెండర్ కాదు, నా ఫొటో ఉండేది.

ఈ కథ ఆయన బాగా చెబుతారు. క్లాసులో పైథాగరస్‌ను చెప్పినట్టు చెబుతారు. వింటుంటే ఆ పెద్దావిడ కత్తెర చప్పుడు వినపడుతుంది. కానీ పిల్ల మొహం చూస్తే తెలిసింది, అది వినడం లేదు, తన వంతు కోసం చూస్తోంది.

అమ్మలు: ఇవన్నీ జబ్బు చెప్పిన రాత్రే ఫోన్‌లో చదివాను మావయ్యా. ఏట్లో పడ్డదాన్ని ఒడ్డుకు లాగారు, కాదనను. ఒడ్డున పడ్డాను కదా అని చలేస్తోందని కూడా అనకూడదా? నేను ఏమన్నా అనబోతే చాలు, ముందు దండం పెట్టుకోమంటారు. నేను పోగొట్టుకున్నదాని గురించి ఒక్కళ్లు అడగరు.

మావయ్య: ఏం పోగొట్టుకున్నావు, చెప్పు. నేను అడుగుతున్నాను.

అమ్మలు: చెప్తాను. పొద్దున లేస్తే కళ్ల కింద ఉబ్బు. ఏడ్చి పడుకున్నావా అంటారు. ఏడ్చినా ఏడవకపోయినా అదే మొహం. వేళకు తినకుండా వేసుకుంటే వాంతి. పిల్లల్ని కనాలంటే ఆ మాత్ర ఆపాలి. కడుపులో బిడ్డకు మంచిది కాదు. ఎప్పుడు ఆపొచ్చో నేను అనుకుంటే కుదరదు, నా రక్తం ఒప్పుకోవాలి. దానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంకోటి చెప్పనా? సంక్రాంతికి వచ్చిన ప్రతి చుట్టం ఒకటే మాట: రంగు తేలావే పిల్లా, ఏం క్రీమ్ రాస్తున్నావు?

ఆ మాటతో నేను చేతిలో పళ్లెం కింద పెట్టేశాను. భోగి నాడు నేనే అన్నాను అది. ఈ మందు కొంతమందిలో చర్మం రంగును తగ్గిస్తుంది. మా ఆయన మోచేతుల దగ్గర నేను చూసిందే. చూసి కూడా, పిల్ల గడప తొక్కగానే నా నోట్లోంచి ఆ మాటే వచ్చింది. అమ్మాయి తెల్లబడితే మెచ్చుకోవడం మనకు అంత అలవాటైపోయింది. దాని చెయ్యి పట్టుకున్నాను. ‘నిన్ను కాదులే అత్తయ్యా’ అంది. నన్నే.

మావయ్య: ఇవన్నీ కష్టాలే. కాదన్నానా? నాకు పిక్కలు పట్టేసి నడిరాత్రి అరిచిన రోజులున్నాయి. మీ అత్తయ్య నువ్వుల నూనె వేడి చేసి మర్దన చేసేది. కానీ పొద్దున ఎనిమిదిన్నరకు సైకిలెక్కి బడికి పోయాను. దాని పని దానిది, నా పని నాది. అట్లా గీత గీసుకున్నాను కాబట్టి బతికాను.

అమ్మలు: నాకు ఆ గీత గీయడం రాలేదు మావయ్యా. నవంబర్‌లో పదకొండు రోజులు నేను మాత్ర వేసుకోలేదు.

వరండాలో అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

మావయ్య: ఏమిటీ?

అమ్మలు: పెళ్లిచూపులున్నాయని అమ్మ అంది. ఆ ఉబ్బిన కళ్లతో కూర్చోలేనని మానేశాను. నాలుగు రోజులే అనుకున్నాను. మానితే పొద్దున లేవగానే మామూలు మొహం కనిపించింది అద్దంలో. జులై ముందు మొహం. దాన్ని ఇంకో రోజు చూసుకుందాం, ఇంకో రోజు అని పదకొండు రోజులు. ఆ సంబంధం ఎట్లాగూ కుదరలేదు, జబ్బు సంగతి నేనే చెప్పేశాను.

మావయ్య: చెప్పావు, మంచిది. వాళ్లకు చెప్పి తీరాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ పదకొండు రోజులేమిటి? లెక్క చెబుతాను విను. లండన్‌లో 87 మంది రోగుల మందు సీసా మూతల్లో చిన్న యంత్రం పెట్టి, ఎన్నిసార్లు తెరిచారో మూడు నెలలు లెక్కపెట్టారు. 2010లో అచ్చయింది అది. వేసుకోవాల్సిన వాటిలో 90 శాతానికి మించి వేసుకున్నవాళ్లకు ఆరేళ్లలో రక్తం మంచి స్థాయికి చేరే అవకాశం 94 శాతం దాటింది. 90, అంతకు తక్కువ వేసుకున్నవాళ్లకు 28. నెలకు 30 మాత్రల్లో మూడు మానితే 90కి దిగిపోయినట్టే. నువ్వు పదకొండు మానావు!

అమ్మలు: అరవకు మావయ్యా.

మావయ్య: అరుస్తాను. నీకు బాధగా ఉంటే ఏడు. గది తలుపేసుకుని ఏడు, మీ అమ్మ ఒళ్లో పడి ఏడు, రేపు పొద్దున దాకా ఏడు. నేను వద్దనను. కానీ మాత్ర వేసుకుని ఏడు.

ఆయన గొంతు అట్లా వణకడం నేను చాలా ఏళ్ల తర్వాత విన్నాను. పిల్ల ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లింది. బ్యాగు జిప్పు తీసిన చప్పుడైంది. ఆ రాత్రి మాత్ర అది ఇంకా వేసుకోలేదు. తెచ్చుకుని, ఆయన గ్లాసులోనే నీళ్లు పోసుకుని, మా ఇద్దరి ముందే మింగింది. పెద్ద మాత్ర, గొంతులో ఆగుతూ దిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దేనివల్లో నేను అడగలేదు.

నవంబర్ సంగతి డాక్టరుకు చెప్పావా అని ఆయన అడిగారు. చెప్పిందట. వెంటనే రక్తంలో ఆ జన్యువు ఎంత ఉందో చూసే పీసీఆర్ పరీక్ష చేయించారట. మొదటి మూడు నెలలకు 10 శాతం లోపు ఉండాల్సిన లెక్క దానికి 6 వచ్చింది. మానిన తర్వాత కూడా పెద్దగా పెరగలేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఇంక అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు.

అమ్మలు: మాత్ర విషయంలో నువ్వు గెలిచావు. మిగతాది ఒప్పుకోను. మా ఆసుపత్రిలో కౌన్సెలర్ ఉంది. మూడుసార్లు వెళ్లాను. నేను బాగానే ఉంటాను, మూడు నెలలకు పరీక్ష దగ్గర పడగానే మళ్లీ మొదటి రోజులాగే అయిపోతానండీ, నాలో ఏదో తేడా ఉందా అని అడిగాను. ఆవిడ ఒక సంగతి చెప్పింది. 1962లో అమెరికాలో సైమన్ ఓల్షాన్‌స్కీ అనే ఆయన, బుద్ధి ఎదగని పిల్లలున్న తల్లిదండ్రుల గురించి రాశాడట. చావు దుఃఖమైతే కొన్నాళ్లకు చల్లారుతుంది. ఆ పిల్ల కళ్లముందే ఉంటుంది కాబట్టి వీళ్ల దుఃఖం వెళ్తుంది, వస్తుంది. అది రోగం కాదు, సహజం, దాన్ని మాన్పాలని చూడకండి అన్నాడట. అది విన్నరోజు నేను ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

మావయ్య: నాకు అట్లాంటివి నచ్చవు అమ్మలూ. దుఃఖానికి ఒకసారి పీట వేసి కూర్చోబెడితే ఇంక లేవదు.

అమ్మలు: పీట వేయకపోతే గుమ్మంలో నిలబడుతుంది. ఇంట్లోకి వచ్చేవాళ్ల కాళ్లకు, పోయేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతుంది.

మావయ్య: మాటలు బాగా నేర్చావు. సరే, అందరికీ చెప్పావు కదా. ఏమొచ్చింది?

అమ్మలు: రెండూ వచ్చాయి. నాతో గదిలో ఉండే అమ్మాయి వారం రోజులు నా కంచం విడిగా కడిగింది. అంటదే పిచ్చిదానా అని చెప్పాక మానేసింది. దూరపు చుట్టం ఒకాయన పసరు మందు సీసా తెచ్చి, ఇంగ్లీషు మందు ఆపితేనే ఇది పనిచేస్తుందన్నాడు. తీసుకోలేదులే, అట్లా చూడకు. ఇంకోవైపు, సెప్టెంబర్ 22న ఈ జబ్బు ఉన్నవాళ్ల సమావేశానికి వెళ్లాను. 9, 22 కదా, అందుకే ఆ తేదీ. అక్కడ ఒకాయన ఇరవై ఏళ్లుగా మాత్ర మీద ఉన్నాడు. ఒకమ్మాయి డాక్టర్ల పర్యవేక్షణలో మందు ఆపి బిడ్డను కని మళ్లీ మొదలుపెట్టింది. ఆ బిడ్డను ఎత్తుకున్నాను మావయ్యా. నాలుగు నెలల పిల్లాడు. నా జుట్టు పట్టుకుని లాగాడు. ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కూర్చునుంటే ఆ పిల్లాడు నాకు కనిపించేవాడా?

మావయ్య: నా జబ్బు సంగతి నేను బయట ఎవరికీ చెప్పకపోవడానికి నాకు కారణం ఉంది. మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు చూశాను. మంచం దగ్గరికి వచ్చినవాడల్లా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఆయన బుర్ర శుభ్రంగా పనిచేసేది. కానీ ఆయన్ని అడగాల్సినవి కూడా పక్కనున్నవాళ్లను అడిగేవాళ్లు. ఏం తింటున్నాడు, నిద్ర పడుతోందా అని. నన్ను చూసి జనం గొంతు తగ్గిస్తే నేను క్లాసులో పాఠం చెప్పలేను. లెక్క తప్పు చేసిన పిల్లాడు నా తిట్టుకు భయపడాలి, నన్ను చూసి జాలిపడకూడదు. నాకు కావలసింది అదొక్కటే. అది దక్కించుకున్నాను.

నిజాయితీగా రాస్తున్నాను, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన ఎందుకు దాచారో 16 ఏళ్లలో నాకు మొదటిసారి అర్థమైంది. మామగారి మంచం దగ్గర గొంతు తగ్గించినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా నా కడుపులో ఉన్నది ఆగలేదు. నోరు తెరిచాను.

‘మీరు దక్కించుకున్నారు. దాని ఖర్చు నేను కూడా కట్టానండీ’ అన్నాను.

ముందు ఆయన కట్టింది చెబుతాను. 2013 ఏప్రిల్ 1, సోమవారం. నోవార్టిస్ కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మే ఈ మాత్ర అయితే నెలకు లక్షా ఇరవై వేలయ్యే రోజులవి. అదే మందు మన కంపెనీలు చేసింది ఎనిమిది, పది వేలలో దొరికేది. ఆయన వేసుకున్నది హైదరాబాద్ కంపెనీ మాత్రే. నోవార్టిస్ వాళ్లు పేటెంటు కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గెలిస్తే మన మాత్రల సంగతి ఏమవుతుందో మాకు తెలియదు. ఆ రోజు తీర్పొచ్చింది. పేటెంటు కుదరదంది కోర్టు. మర్నాడు పొద్దున పేపర్లో చూసి ఆయన పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, చాలాసేపు మొహం కడుక్కున్నారు. తర్వాత కిలో జిలేబీ కొని బడికి పట్టుకెళ్లారు. ఏంటి మాస్టారూ విశేషమంటే, ఇంక్రిమెంటు పడిందన్నారట. ఆయన ప్రాణం మీది తీర్పు అది. స్టాఫ్ రూమ్‌లో దానికి అబద్ధం పేరు పెట్టి పంచారు.

అది ఆయన బాధ. నాది వేరు. మా అమ్మకు కూడా చెప్పనివ్వలేదు. జీతంలో సగం మాత్రలకు, పరీక్షలకు పోతుంటే దసరాకు పుట్టింటికి వెళ్లడం మానేశాను. తమ్ముడి గృహప్రవేశానికి చీర పెట్టలేకపోయాను. ఏమే, మాస్టారి భార్యవయ్యావని గర్వమా అని మా అమ్మ ఫోన్లో అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను. 2017లో పోయింది మా అమ్మ. కూతురికి పుట్టిల్లు చేదైందనుకునే పోయింది.

ఇంకా ఒకటుంది. మూడు నెలలకో, ఆరు నెలలకో రక్తం ఇచ్చి వస్తారు. రిపోర్టు వచ్చేదాకా పది రోజులు. ఆ పది రోజులు దిద్దిన పేపర్లే మళ్లీ దిద్దుతారు. ఒక్కో పేపర్లో మార్కులు మూడుసార్లు కూడతారు. అన్నం పెట్టి పిలిస్తే వినపడదు. ఏమైందండీ అంటే, ఏముంది, బీపీ లాంటిదేగా అంటారు. బీపీ ఉన్నవాళ్లు పేపర్లు మూడుసార్లు దిద్దరు.

ఇదంతా నేను ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. ‘మీ అమ్మ అట్లా అన్నదని నాకు చెప్పలేదే’ అన్నారు. చెబితే మీరు మందు మానేస్తారేమోనని భయమేసింది అన్నాను. నిజంగానే అందుకే చెప్పలేదు. ఇంటి ఖర్చు అంతా తన ఒంటి మీదే పోతోందని తెలిస్తే ఆయన ఏం చేస్తారో నాకు తెలుసు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది పిల్లే.

అమ్మలు: మావయ్యా, ఒకటి అడగనా? నీ రిపోర్టు ఎన్నేళ్లుగా బాగుంది?

మావయ్య: ఎనిమిదేళ్లుగా ఆ జన్యువు పరీక్షకు కూడా కనిపించడం లేదు.

అమ్మలు: మరి నీకు మాత్ర ఆపి చూద్దామని ఎవరూ అనలేదా? ఏళ్ల తరబడి అట్లా ఉన్నవాళ్లకు డాక్టర్లే ఆపి చూస్తున్నారు కదా. ఫ్రాన్సులో మొదలుపెట్టారు. సగం మందికి దాకా జబ్బు తిరిగి రావడం లేదంట. వచ్చినా చాలావరకు మొదటి ఆరు నెలల్లోనే బయటపడుతుంది. మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ అదుపులోకి వస్తుంది.

ఆయన క్యాలెండర్ వైపు చూశారు. జవాబు రాకముందే నాకు తెలిసిపోయింది.

మావయ్య: పోయిన నెల అన్నారు. ఆలోచించుకుని రమ్మన్నారు.

నేను: నాకు చెప్పలేదేం?

మావయ్య: చెబితే ఆపమంటావు.

అమ్మలు: బీపీ మాత్ర మానొచ్చని డాక్టరంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు మావయ్యా. నువ్వెందుకు దాచావు?

మావయ్య: చుక్క పెట్టని గడి చూడలేనమ్మా.

చాలాసేపటికి ఆయనే మళ్లీ అందుకున్నారు. నేను ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసుకున్నాను.

మావయ్య: ధైర్యమంతా నాదేననుకున్నాను. ఆ గ్లాసుడు నీళ్లు, ఆ మాత్ర, ఆ చుక్క. రాత్రి తొమ్మిదింటికి ఆ మూడూ అయితే ఇంక నాకు భయం లేదు. ఇప్పుడు అవి తీసేస్తే పొద్దుటిదాకా నేను ఏం చేయాలి? నయం కాదన్నప్పుడు కూడా ఇంత భయపడలేదు. ఆపొచ్చేమో అన్నప్పటినుంచి నిద్ర లేదు. నీకు ఎట్లా చెప్పను ఇది? నీకేమో నేను గీత గీసుకోమని చెప్పేవాణ్ణి.

అమ్మలు: ఇది ముందే చెప్పుంటే నేను నవంబర్‌లో నీకు ఫోన్ చేసేదాన్ని మావయ్యా. నీకు భయమే లేదనుకున్నాను. భయం లేనివాడికి ఏం చెప్పుకుంటాం?

వాళ్లలో ఎవరు నెగ్గారంటే నేను చెప్పలేను. పిల్లకు మాత్ర విషయంలో ఆయన మాటే శిరోధార్యం. మనసు ఎట్లా ఉందన్నదాన్ని బట్టి వేసుకునే మందు కాదది. ఏ పూటకాపూట మనసును అడిగితే అది వద్దంటుంది. ఆయన మొండితనం పక్కన 16 ఏళ్లు ఉన్నదాన్ని, దాని విలువ నాకు తెలుసు. కానీ మాత్ర వేసుకున్నంత మాత్రాన మనసు నోరు మూసుకోవాలన్నది ఎక్కడి న్యాయం? ఆయన తన మనసుతో పాటు నాదీ మూయించారు. ఇది ఆయన మీద కోపంతో రాయడం లేదు. ఇట్లా మూసుకున్న ఇళ్లు ఇంకా ఎన్నో ఉంటాయి. అక్కడ రోగికి మందు అందుతుంది. పక్కన నిలబడి నీళ్లందించే మనిషిని ఎవరూ అడగరు.

మాత్ర ఆపితే మొదటి ఆరు నెలలు నెలనెలా పరీక్ష చేయించాలట. మా గది దగ్గరే ల్యాబ్ ఉంది, నెలకోసారి మీ ఇద్దరూ వచ్చి ఉండండి అంది పిల్ల. ఆయన ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఫిబ్రవరిలో డాక్టరు గారి దగ్గరికి మాత్రం నన్ను కూడా రమ్మన్నారు. ఇన్నేళ్లలో ఆ గదిలోకి ఆయనతో పాటు నేను వెళ్లలేదు. బయట బెంచీ మీదే కూర్చునేదాన్ని.

మర్నాడు పొద్దున ఏడింటికే పిల్లను బస్సెక్కించి వచ్చాం. ఆయన కాఫీ తాగుతుంటే ఎదురుగా కూర్చుని, మా చెల్లెలికి ఫోన్ చేస్తానన్నాను. ఏం చెబుతావన్నారు. దసరాలకు ఎందుకు రాలేదో చెబుతానన్నాను. కాసేపు గ్లాసు వంక చూసి, ‘స్పీకర్ పెట్టు, నేనూ మాట్లాడతాను’ అన్నారు.

రెండో రింగుకే ఎత్తింది. ‘ఏమైందే అక్కా, పొద్దున్నే చేశావు?’ అంది.